తొక్కడానికి వేసిన సున్నం

పోయిన నెలలో ఒక సాయంత్రం, నాకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన మనవరాలు నా ఫోనుకొక మెసేజ్ పంపింది. ఆ పిల్ల గుంటూరులో చదువుకుంటోంది. ఆదివారం వస్తే బూట్లు బిగించుకుని పదిమంది స్నేహితులతో కలిసి ఏదో ఒక కొండ ఎక్కడానికి పోతుంది. పోయే ముందు దారి ఎట్లా ఉందో, ముందుగా చూసొచ్చినవాళ్ళు మిగిలినవాళ్ళకు రాసి పంపుతారట. ఈసారి వంతు మా ఊరి కొండకు వచ్చింది. ఎండ ముదరకుండా ఆరింటికల్లా ఎక్కడం మొదలుపెట్టాలనీ, మొదటి ముప్పావు గంట నీడేననీ, ఆ తర్వాత మొరుసు నేల కాలి కింద జారుతోంది కాబట్టి చేతికర్ర ఉంటే మంచిదనీ, దారిలోని రాతిగుంట దొనలో నీళ్ళు ఎండిపోయాయి కాబట్టి మనిషికి రెండు సీసాలు తెచ్చుకోవాలనీ అందులో చక్కగా రాసి ఉంది. ఇంత తెలివిగా కొండెక్కే పిల్లలున్నారని చదువుతుంటే ముచ్చటేసింది. చివరి మాట దగ్గరకొచ్చేసరికి చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. నల్లబండ దగ్గర బూట్లు విప్పాలట. అక్కడ రెండువైపులా తాడు కట్టిన తెల్లగీత ఒకటి ఉంటుందట, అది చాలా పవిత్రమైనదట, దయచేసి ఎవరూ దాన్ని తొక్కవద్దట.

ఆ తెల్లగీత వేసింది నేను. వేసింది తొక్కడానికి.

కొండ పేరు చెప్పను. చెబితే ఈ రాతను కూడా ఫ్రేము కట్టించి అక్కడ తగిలించి దండ వేసే ప్రమాదం ఉంది. చీమకుర్తి వైపు పోయే లారీలు కనిపించే దూరంలో, చుట్టూ నల్లరేగడి, మిరప, పత్తి, మధ్యలో ఎవరో మరిచిపోయి వదిలేసినట్టు ఒంటరిగా నిలబడిన కొండ అది. మన ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, అప్పట్లో కొండెక్కడానికి బూట్లూ మెసేజ్‌లూ లేవుగానీ దారి ఏ నెలలో ఎలా ఉంటుందో మాత్రం కాళ్ళకే తెలిసేది. ఫాల్గుణంలో ఎక్కితే మోదుగులు మండుతున్నట్టు పూసి ఉండేవి, సీతాఫలం పొదలు ఆకు రాల్చి పుల్లలై నిలబడేవి, ఎండిన బోదగడ్డి మీద అడుగు వేస్తే సర్రున జారి కూర్చోబెట్టేది. దొనలో ఇంకా మోకాటి లోతు నీళ్ళుండేవి. చైత్రం వచ్చేసరికి అవి పచ్చగా మారి అరచెయ్యంత మడుగయ్యేవి, వైశాఖానికి అడుగున పగిలిన బురద మిగిలేది. పై నుంచి చూస్తే కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఎవరో ఊరంతా ఎర్ర దుప్పట్లు పరిచినట్టు కనిపించేవి, పడమటి గాలి తిరిగితే ఆ ఘాటు కొండ మీదకూ వచ్చి తుమ్ములు తెప్పించేది. సాయంత్రం నాలుగు దాటాక వాడరేవు వైపు నుంచి సముద్రపు గాలి మొదలైతే, అప్పుడు తెలిసేది ఆ రోజుకు బతికిపోయామని.

దారి చాలావరకు మట్టీ చెట్లే. పైన కొండమ్మ గుడికి చేరబోయే ముందు మాత్రం ఏనుగు వీపులాగా నున్నటి నల్లబండ ఒకటి అడ్డం వస్తుంది. నూటయాభై అడుగులకు పైనే ఉంటుందేమో, దాని మీద గడ్డిపోచ కూడా మొలవదు. కొండమ్మ మొక్కంతా ఈ బండ మీదే. చైత్ర పౌర్ణమి నాడు మిట్టమధ్యాహ్నం, నెత్తిన నీళ్ళ బిందెతో, చెప్పులు లేకుండా ఆ బండ దాటి అమ్మవారికి ఆ నీళ్ళు పొయ్యాలి. పోస్తే ఆమె చల్లబడి ఊరిని వడగాలి నుంచి కాపాడుతుందని నమ్మకం. నెత్తి మీద బిందెడు నీళ్ళు పెట్టుకుని దాహంతో నాలుక పిడచగట్టుకుపోతున్నా గుక్కెడు తాగకుండా నడవడం, వడదెబ్బ తగలకుండా ఉండటానికి! ఏటా ఇద్దరో ముగ్గురో కాళ్ళు బొబ్బలెక్కి నెలపాటు మంచం పట్టేవాళ్ళు, అది వాళ్ళ భక్తిలో లోపమని సరిపెట్టేవాళ్ళు.

నాకు అమ్మ చిన్నప్పుడే పోయింది. నాన్న సంఘసంస్కరణ సభలకు నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తిప్పి, ఎవరేం చెప్పినా "ఏదీ, చూపించండి" అని అడగడం నేర్పాడు. అన్నం పెట్టి, జడ వేసి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది మాత్రం పిన్ని. ఆమె అమ్మకు చెల్లెలు, పిల్లలు లేరు, నేనే పిల్లని. నాన్న నాస్తికత్వాన్నీ కొండమ్మ పటాన్నీ ఒకే ఇంట్లో ఏ గొడవా లేకుండా ఆమె ఎలా ఇమిడ్చేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

చదువు ముగించి మా ఊరి హైస్కూలుకే సైన్సు టీచరుగా వచ్చిన మొదటి ఏడాది సంగతి ఇది. గ్రంథాలయం అరుగు మీద సాయంత్రాలు వాదాలు జరిగేవి. ఒకరోజు పూజారి గారితో చెప్పులు వేసుకుని కొండెక్కితే ఏమవుతుందో తేల్చుకుందామన్నాను. ఆయన కోప్పడలేదు. "ఎక్కండి టీచరుగారూ, నేనేమీ ఆపను. అమ్మవారే చూసుకుంటుంది" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు పొడుచుకుంది. ఉగాది వెళ్ళిన మూడో రోజు, ఒంటిపూట బడి వదలగానే, చెప్పులు టకటకలాడించుకుంటూ, ఊరంతా చూస్తుండగా ఒక్కదాన్నే కొండెక్కాను. నెత్తిన గుడ్డ లేదు, చేతిలో నీళ్ళు లేవు. అమ్మవారి కోపం లేదని రుజువు చేసే ఆవేశంలో సూర్యుడున్న సంగతి మరిచిపోయాను. సైన్సు టీచరుగా నా మొదటి ప్రయోగం ఇదీ. నల్లబండ సగం దాటానో లేదో కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి దొన పక్కన బండసందు నీడలో ఉన్నాను. పల్లె నుంచి మేకలు తోలుకొచ్చే అవ్వ నా మొహాన నీళ్ళు కొడుతోంది. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులూ కొండ, అదీ ఆమె లోకం. నేను లేవగానే తిట్టింది.

"నీళ్ళు తెచ్చుకోకుండా ఎక్కటమేందమ్మా? చదువుకున్నదానివంట! మా మేకకున్న తెలివి లేదే నీకు?"

నాకు సిగ్గేసింది, కానీ ఆ మాట పట్టుకున్నాను. మేకకున్న తెలివేమిటని అడిగాను. చేత్తో చూపించింది. నల్లబండకు ఒక ఓరగా పలుగురాయి చార తెల్లగా, జానెడు వెడల్పున పైదాకా పాకి ఉంది. మేకలు దాని మీదే ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా దిగుతున్నాయి.

"ఎండెక్కినాక నల్లదాని మీద కాలు పెట్టవు. కొట్టినా పెట్టవు. తెల్లది కాలదుగా!"

ఆ వాక్యం నేను చదివిన ఏ ఫిజిక్సు పుస్తకంలోనూ అంత చిన్నగా లేదు.

కిందికి దిగేసరికి ఊరు గెలిచింది. కొండమ్మ కొట్టిందన్నారు, టీచరమ్మ పొగరు దిగిందన్నారు. అవన్నీ పడ్డాను. పడలేనిది ఇంట్లో ఎదురైంది. నా తప్పు కాయమని, ఈ పౌర్ణమికి నీళ్ళ బిందె తానే ఎత్తుతానని పిన్ని మొక్కుకుంది.

పిన్నికి చక్కెర జబ్బు. అంతకుముందు ఏడాది చలికాలంలో కల్లంలో మిరపకాయలు ఏరుతుంటే బొటనవేలికి గుచ్చుకున్న ముల్లు నాలుగు నెలలు మానలేదు. గుంటూరు తీసుకుపోతే డాక్టరు ఆమె అరికాళ్ళను గుండుసూదితో తాకి చూసి నన్ను బయటికి పిలిచి చెప్పాడు, ఆ కాళ్ళకు స్పర్శ పోతోందనీ, కాలినా ఆమెకు తెలియదనీ, ఇంకొక్క పుండు పడితే కాలు తీసేయాల్సి రావచ్చనీ. ఈ మాట పిన్నికి చెప్పి కాళ్ళావేళ్ళా పడ్డాను. నేను చెప్పిన దాంట్లోంచి తనకు కావలసింది ఏరుకుంది.

"కాలినా తెలియదన్నాడా? చూశావా మరి! అమ్మ ముందే ఏర్పాటు చేసింది."

"అది జబ్బు పిన్నీ!"

"నీకు జబ్బు. నాకు దయ. పోయి అన్నం తిను."

నా పొగరుకు ఆమె కాలు పోబోతోంది. ఆ పది రోజులూ నాకు వాదాలు, గెలుపోటములు ఏమీ గుర్తులేవు. కళ్ళు మూసుకుంటే నల్లబండ మీద నిదానంగా, హాయిగా, కాలుతున్న సంగతి తెలియకుండా నడిచిపోతున్న రెండు పాదాలు కనిపించేవి. చూసేవాళ్ళు అది మహిమ అని దండం పెడతారని కూడా నాకు తెలుసు.

బళ్ళోంచి థర్మామీటరు జేబురుమాలులో చుట్టుకుని కొండెక్కాను, ఈసారి నీళ్ళతో, నెత్తిన తడిగుడ్డతో. మధ్యాహ్నం నల్లరాతి మీద పెడితే పాదరసం భయపెడుతూ పైకి పాకింది. పలుగు చార మీద అంతకంటే చాలా కిందే ఆగిపోయింది. మేకలు పరీక్ష పాసయ్యాయి. చార జానెడే ఉంది, పైగా ఏటవాలు, నెత్తిన బిందెతో మనిషి నడవలేడు. అయితే మనిషి నడిచేచోట తెల్లదనం మనమే తెస్తే? వాడరేవు దిక్కు నుంచి గుల్లసున్నం బస్తాలు వచ్చేవి. రెండు బస్తాలు తెప్పించి, రాతికి పట్టేందుకు కాస్త బంక కలిపి, సముద్రపు గాలి తిరిగాక నేనొక బకెట్టు, మేకలవ్వ ఒక బకెట్టు మోసుకుంటూ, రెండడుగుల వెడల్పున బండ అంచు నుంచి గుడి మెట్టు దాకా పట్టె కొట్టడం మొదలుపెట్టాం. అవ్వ మధ్యమధ్యలో నడుం మీద చెయ్యి పెట్టుకుని, మీ దేవతకు నాచేత సున్నం కొట్టిస్తున్నావు, మా పాస్టరుగారికి తెలిస్తే నా పని అయిపోద్ది అని నవ్వేది. నాకు దేవత లేదు, నీకు ఈ దేవత లేదు, కాబట్టి మనిద్దరికంటే ఈ పనికి తగినవాళ్ళు లేరనేదాన్ని.

మూడో సాయంత్రం పూజారి గారు దిగుతూ మా ముందు ఆగాడు.

"ఏమిటిది?"

"సున్నమండీ."

"సున్నమని కనపడుతూనే ఉంది. మొక్కు దారికి సున్నమేమిటి?"

నేను కుంచె కింద పెట్టి, మొక్కు దారికి సున్నం కొట్టకూడదని ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన నిజంగానే ఆలోచించాడు. ఆ మనిషిలో నాకు నచ్చిన గుణం అదే, అడిగిన ప్రశ్నకు ఆలోచించేవాడు. చెప్పులు వద్దని ఉంది, మధ్యాహ్నమని ఉంది, రాయి నల్లగానే ఉండాలని మాత్రం లేదని చివరికి ఒప్పుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం చెట్టు నీడ నుంచి చూశాను, పూజకు పోతూ ఆయన బండ దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, పట్టె మీద కాలు పెట్టాడు. రెండో కాలు కూడా పెట్టాడు. ఎన్నేళ్ళుగానో రోజూ ఆ బండ దాటుతున్న ఆ అరికాళ్ళు నా వాదన కంటే ముందే నా పక్షానికి వచ్చేశాయి.

పౌర్ణమి నాడు ఊరంతా కొండ మీదే ఉంది. బిందె మోసేవాళ్ళు చాలామంది పట్టె చూసి, పూజారి గారిని చూసి, ఆయన ఏమీ అనకపోయేసరికి దాని మీదుగానే నడిచారు. పిన్ని వంతు వచ్చింది. పట్టెను చూసింది, నన్ను చూసింది, చూసి తప్పుకుని నల్లరాతి మీద అడుగేసింది.

"పిన్నీ, ఇటు నడువు."

"సుఖంగా నడిస్తే మొక్కెట్టా అయిద్ది?"

ఇంకో అడుగు. ఇంకొకటి. ముఖంలో బాధ లేదు, చిరునవ్వు. జనం గుసగుసలు నాకు వినపడుతున్నాయి, కాలటం లేదు చూడు, కాలటం లేదు చూడు అని. నేను అప్పుడు చేసింది ఆలోచించి చేసింది కాదు. చెప్పులు విప్పేశాను. టీచరమ్మకు బుద్ధొచ్చిందని ఎవరో సంతోషంగా కేక పెట్టారు. పిన్ని పక్కనే నల్లరాతి మీద నడిచాను. మొదటి అడుగుకు ఊపిరి ఆగింది. ఐదో అడుగుకు కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే వచ్చాయి. పదో అడుగు దగ్గర ఆగి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి అరికాలు ఆమెకు ఎత్తి చూపించాను. ఎర్రగా కమిలి, మడమ దగ్గర నీటిబొబ్బ లేస్తోంది.

"నీ కాళ్ళకూ ఇదే అవుతోంది పిన్నీ. నీకు తెలియడం లేదు, అంతే."

నెత్తిన బిందె ఉంది కాబట్టి ఆమె వంగి తన కాళ్ళు చూసుకోలేదు. నా కాలే చూసింది. చూస్తూ చూస్తూ ఆ నవ్వు చెదిరిపోయింది. ఒక చెయ్యి బిందె మీద నుంచి తీసి నా రెక్క పట్టుకుని పట్టె మీదికి ఒక్క గుంజు గుంజింది.

"ఎక్కవే మొండిదానా! ఇటు ఎక్కు! పిల్లదాని కాళ్ళు కాల్చి నేనేం పుణ్యం మూటగట్టుకోను?"

నన్ను పట్టె మీదికి లాగడానికి ఆమె కూడా పట్టె ఎక్కింది. దిగలేదు. ఆమె ముందు, నేను వెనక, చివరిదాకా ఆ సున్నం మీదే నడిచాం. గుడిలో సగం బిందె అమ్మవారి మీద పోసింది. మిగిలిన సగం, అంతమంది ముందు, మెట్టు మీద నన్ను కూర్చోబెట్టి నా కాళ్ళ మీద పోసింది. జనం నోళ్ళు తెరిచారు. పూజారి గారు మాత్రం ఆ క్షణంలో తూర్పు వైపు పొలాల్లో ఏదో చాలా ముఖ్యమైనది కనిపించినట్టు అటే చూస్తూ నిలబడ్డాడు.

నేను వాదం గెలిచానని చెప్పను. పిన్ని చివరిదాకా కొండమ్మను నమ్మింది. ఆ తర్వాత ఏటా ఫాల్గుణంలో ఊళ్ళో కుర్రకారే సున్నం కలిపి పట్టెకు కొత్త పూత వేసేవారు, "సున్నందారి" అనేవారు, మంచాన పడేవాళ్ళు లేకుండా పోయారు. నాకు బదిలీలయ్యాయి, రిటైరయ్యాను, ఆ వైపు వెళ్ళడం తగ్గిపోయింది. పిన్ని ముసలిదై, రెండు కాళ్ళతోనే పోయింది. నేను రాసిన వ్యాసాలన్నీ ఒకవైపు పెట్టి ఆ రెండు కాళ్ళు ఒకవైపు పెడితే నేను గర్వపడేది కాళ్ళ గురించే.

మెసేజ్ చూసిన ఆదివారం నేనూ వస్తానన్నాను. మనవరాలి బృందం నా కోసం అయిదింటికే బయల్దేరినా, నా మోకాళ్ళ నడకకు నల్లబండ చేరేసరికి పదిన్నర దాటింది. పట్టె ఉంది. తళతళలాడుతోంది, ఏటా సున్నం వేస్తూనే ఉన్నారు, ఎందుకో తెలియకుండా. రెండువైపులా పసుపు తాడు, పూలు, కుంకుమ, తొక్కవద్దని బోర్డు. తాడుకు ఇవతల నల్లరాతి మీద ఆడవాళ్ళు, చంకన పిల్లలతో, కాళ్ళెత్తి ఎత్తి గెంతుకుంటూ పోతున్నారు. అడుగు దూరంలో చల్లని దారి పెట్టుకుని! మెడలో కార్డు వేసుకున్న గుడి కమిటీ ఆయన, అమ్మవారు కొండ దిగినప్పుడు కడవలోంచి పాలు ఒలికి ఈ గీత పడిందని మా పిల్లలకు చెబుతున్నాడు.

"పాలు కాదండీ, గుల్లసున్నం. నేనే కొట్టాను, మేకలవ్వతో కలిసి" అన్నాను.

ఆయన వాదించలేదు. జాలిగా చూశాడు. "మామ్మగారికి ఎండ తగిలినట్టుంది, కాస్త నీడలో కూర్చోబెట్టండమ్మా" అన్నాడు మనవరాలితో.

కాలం మారిందని నాకు అనిపించింది అక్కడే. నమ్మేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ ఆ పూజారి గారు నా ఎదుట నిలబడి ఏమిటిదని అడిగాడు, నేను అడిగినదానికి ఆలోచించాడు, తన కాలు పెట్టి చూసుకున్నాడు. నన్ను తిట్టినవాళ్ళు కూడా నన్ను లెక్కచేసే తిట్టారు. ఇప్పుడు ప్రశ్న అడిగితే ఎవరికో మనసు నొచ్చుకుంటుంది, లేదా మనకు ఎండ తగులుతుంది. మనతో దెబ్బలాడేందుకు ఒక్కడు దొరకడం లేదు. నా తరంవాళ్ళైన మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ అరుగు మీద అరుచుకున్న సాయంత్రాలే మన దగ్గరున్న మంచి సంగతి.

చెప్పులు విప్పలేదు మొదట. తర్వాత ఆలోచించి విప్పాను. ఈ ప్రయోగానికి అరికాలే కావాలి. తాడు ఎత్తి లోపలికి వంగాను. నడుం పట్టేసింది, మనవరాలు వచ్చి తాడు పట్టుకుంది.

"మామ్మగారూ, తొక్కకండి! కళ్ళు పోతాయి!" కమిటీ ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"పోతే నీకే చెబుతాలే నాయనా. ముందు ఆ పిల్లతల్లి కాళ్ళు చూడు."

తాడుకు అవతల, చంకన బిడ్డతో, ఒంటికాలి మీద నిలబడి ఒకామె నన్నే చూస్తోంది. పిలవలేదు నేను. పట్టె మీద నా పాదం ఆనించి ఊరికే నిలబడ్డాను. యాభై ఏళ్ళ కింద పిన్ని నన్ను గుంజింది ఇక్కడికే కావాలి. ఆమె బిడ్డను చంక మార్చుకుంది, కమిటీ ఆయన వైపు ఒకసారి, నా కాళ్ళ వైపు ఒకసారి చూసి, తాడు కిందుగా దూరి వచ్చి నా వెనక నిలబడింది.

"చల్లగుందే!" అంది.

ఉంటుంది. తొక్కడానికే వేశాం.